రాసివ్వనిది ఎటూ పోలేదు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలో ఫొటో తీసేవాళ్లను అడగండి, ఫ్లెక్స్ కొట్టేవాళ్లను అడగండి, పాట పాడేవాళ్లను అడగండి. అందరిదీ ఒకటే మాట: "పైసలు తీసుకున్నం గదా, ఇగ అది వాళ్లదే." మరాఠీ బడిలో చదివి, తెలుగులో బేరమాడి, ప్రాణహిత ఒడ్డున స్టూడియో పెట్టుకుని బతుకుతున్న నేను ఈ మాట రోజూ వింటాను. ఇందులో కొంత నిజముంది, చాలా తప్పుంది. ఆ తప్పు వల్లనే మా దిక్కు గొంతులు, మా దిక్కు బొమ్మలు నది దాటిపోయి ఎవరెవరి పేర్ల మీదనో తిరుగుతున్నాయి.

1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, తయారుచేసిన మనిషే మొదటి హక్కుదారు. జీతానికి పనిచేస్తూ ఆ ఉద్యోగంలో భాగంగా చేసింది యజమానికి పోతుంది. ఇంకొకరు డబ్బిచ్చి చెప్పి చేయించుకున్న ఫొటో, చిత్రపటం, సినిమా అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు చేయించుకున్నవాళ్లకే చెందుతుంది. వీడియో కూడా చట్టం లెక్కలో సినిమానే. అంటే పెండ్లి ఆల్బమ్ మీద, పెండ్లి వీడియో మీద హక్కు పెండ్లివారిది, స్టూడియోది కాదు. కానీ పెండ్లిపిల్ల ఫొటోను ఆమెను అడగకుండా పెద్దది చేసి దుకాణం ముందు తగిలించడం, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం మా వృత్తిలో మామూలైపోయింది. నా తోటివాళ్లకు కోపం వచ్చినా సరే, ఇది తప్పు అని గట్టిగా చెబుతాను. ఆ ముఖం ఆమెది, ఆ ఫొటో మీద హక్కూ వాళ్లదే.

దీనికి మందు పెద్దదేమీ కాదు. నా రసీదు బుక్కులో అడ్వాన్స్ రాసే గడి కింద రెండు వాక్యాల మొహర్ కొడతాను. ఆల్బమ్, వీడియో హక్కులు పెండ్లివారివి అని ఒకటి. కొన్ని ఫొటోలు స్టూడియో ప్రచారానికి వాడుకోవచ్చు అని రెండోది, దాని పక్కన "ఒప్పుకుంటున్నాం", "ఒప్పుకోవడం లేదు" అని రెండు గళ్లు. పిల్ల తండ్రి చదవకుండానే సంతకం పెట్టబోతాడు. నేను ఆపి, పిల్లనే అడగమంటాను. చాలామంది ఆడపిల్లలు రెండో గడిలోనే టిక్కు పెడతారు. బరాత్ ఫొటోలు వాడుకోండి, హల్ది ఫొటోలు వద్దు అని పక్కన రాసిచ్చిన పిల్ల కూడా ఉంది. అట్లా రాసిచ్చినాక మాకూ ధైర్యం, వాళ్లకూ భరోసా.

ఎవరూ చెప్పకుండా, ఎవరూ డబ్బివ్వకుండా మనంతట మనం తీసిన ఫొటో లెక్క వేరు. 2022 ఏప్రిల్ 13 నుంచి 24 దాకా ప్రాణహిత పుష్కరాలు జరిగాయి. మా ఘాట్ల మీద తెల్లారకముందే జనం దిగేవారు. పొద్దుపొడుపు వేళ నీళ్లల్లో నిలబడి దోసిలి పట్టిన ఆడవాళ్ల ఫొటో ఒకటి తీశాను. ఎవరి ముఖమూ ఆనవాలు పట్టేట్టు లేదు, వెలుగు మాత్రం ఉంది. ఆ తర్వాత అదే ఫొటో నది అవతల ఒక ట్రావెల్స్ వాళ్ల ఫ్లెక్స్ మీద కనిపించింది. మూలన ఉన్న నా పేరు కత్తిరించేశారు. అడిగితే "గూగుల్‌లో దొరికింది" అన్నారు. గూగుల్ వెతికి చూపిస్తుందే తప్ప వాడుకొమ్మని ఎవరికీ అనుమతి ఇవ్వదు. నా దగ్గర కెమెరా నుంచి దించిన అసలు ఫైలు, దాని తారీఖు, దానికి ముందూ వెనకా తీసిన ఫొటోలు అన్నీ ఉన్నాయి. ఉత్తరం రాస్తే కొన్నాళ్లకు వాడుకున్నందుకు రుసుము ఇచ్చారు. అందుకే కుర్రవాళ్లకు చెబుతుంటాను: హార్డ్‌డిస్క్‌లో జాగా చాలడం లేదని అసలు ఫైళ్లు మాత్రం చెరిపేయొద్దు. రేపు తకరారు వస్తే సాక్ష్యం చెప్పేవి అవే.

అట్లాంటి ఫొటో మీద హక్కు తీసిన మనిషి బతికున్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏండ్లు ఉంటుంది. ఫొటోలకు ఈ గడువు 2012 సవరణతో వచ్చింది. పుస్తకాలకు, పాటలకు ఇదివరకు 50 ఏండ్లే ఉండేది. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు 1991తో ముగిసిపోతున్నదని, అప్పుడే దాన్ని 60కి పెంచారు.

అసలు విషయానికి వస్తాను. హక్కు నోటి మాటతో చేతులు మారదు. 19వ సెక్షన్ ప్రకారం హక్కును వేరేవాళ్లకు రాసివ్వాలంటే కాగితం ఉండాలి, ఇచ్చేవాళ్ల సంతకం ఉండాలి. ఏ పని, అందులో ఏ హక్కు, ఎన్నేండ్లకు, ఏ ప్రాంతానికి, ఎంత సొమ్ముకు అన్నది రాయాలి. ఎన్నేండ్లకో రాయకపోతే 5 ఏండ్లే. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా దాన్ని వాడకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకోనంత వరకు, ఆ హక్కు తిరిగి వచ్చేస్తుంది. చట్టం ఇంత స్పష్టంగా పేదవాళ్ల పక్షాన ఉంటే, మావాళ్లు మాత్రం పైసలు చేతిలో పడగానే అంతా అయిపోయిందని లేచి వస్తున్నారు. సంతకం పెట్టలేదు కాబట్టి అది ఇంకా తమదేనని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

జింగానూరు దిక్కు ఒక మాడియా గోండుల ఊరు. పేరు రాయను. అక్కడి ఆడవాళ్లు పండుగలకు, పెండ్లిళ్లకు ఒకరి చేయి ఒకరు పట్టుకుని వరుసకట్టి రేలా పాటలు పాడతారు. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకుంటారు. పాట పాతదే. ఎత్తుకునే అవ్వ గొంతు, అప్పటికప్పుడు ఆమె కలిపే మాటలు, ఆ ఇంటి పెండ్లికొడుకు పేరు మీద కట్టే చరణం మాత్రం ప్రతిసారీ కొత్తవి. బయటినుంచి ఒక యూట్యూబ్ చానల్ వాళ్లు ఆ ఊరికి వచ్చారు. భోజనాలు పెట్టించారు, చీరలు పంచారు, తలా కొంత చేతిలో పెట్టారు, పొద్దంతా పాడించుకుని పోయారు. కొన్నాళ్లకు ఆ గొంతు మీద డీజే దరువు కలిపి పాట వదిలారు. తెర మీద వేరే అమ్మాయిలు ఆడారు. పాడినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

ఆ ఊరి నుంచి కాలేజీలో చదివే పిల్ల ఒకతె ఫోన్ పట్టుకుని మా దుకాణానికి వచ్చింది. "అన్నా, మా అవ్వ పాటను మా చానల్ల పెడితే కాపీరైట్ అని వస్తుంది. మా పాట మాకు ఎట్ల కాకుండ పోయింది?" అని అడిగింది.

కూర్చోబెట్టి ఒక్కొక్కటే విడదీసి చెప్పాను. ఆ చానల్ వాళ్లు చేసిన రికార్డింగ్ ముక్కను యథాతథంగా పెడితే యూట్యూబ్ మెషిన్ పట్టుకుంటుంది, ఎందుకంటే ఆ రికార్డింగ్ తయారుచేసింది వాళ్లు. పాట మాత్రం వాళ్లది కాదు. అది తాతముత్తాతల నాటిది, ఒక్కరి సొత్తు అయ్యేది కాదు. అవ్వతో మళ్లీ పాడించి నీ ఫోన్‌లో తీసి పెట్టుకో, ఎవరూ ఆపలేరు. మెషిన్ పొరపాటున ఆపితే ఇది సంప్రదాయ పాట, రికార్డింగ్ మాది అని అక్కడే అభ్యంతరం రాయొచ్చు. ఇక అవ్వ గొంతు సంగతి. పాడేవాళ్లకు, ఆడేవాళ్లకు చట్టంలో ప్రత్యేకంగా హక్కుంది. ఆ జాబితాలో గారడీవాళ్లు, పాములు ఆడించేవాళ్లు కూడా ఉన్నారు. ఆ హక్కు 50 ఏండ్లు ఉంటుంది. తమ పాటను ఎవరు రికార్డు చేయాలో, ఎవరు అమ్ముకోవాలో చెప్పే అధికారం పాడినవాళ్లది. ప్రదర్శనకు తమ పేరు వేయమని అడిగే హక్కూ వాళ్లదే. ఆ హక్కు చేతులు మారాలన్నా రాతకోతలు కావాల్సిందే.

"ఏమన్న కాగితం మీద సంతకం తీసుకున్నరా?" అని అడిగాను. "లేదన్నా, వేలిముద్ర గూడ తీసుకోలే" అంది. అంటే ఆ గొంతు మీద హక్కు ఇంకా అవ్వదే అని చెబితే ఆ పిల్ల కాసేపు నమ్మలేదు.

అక్కడే గీతల నోట్‌బుక్కు తెరిచి పాడిన ఆడవాళ్ల పేర్లు, రికార్డింగ్ జరిగిన తారీఖు, ఊరు, ఎత్తుకున్నది ఎవరు, అందుకున్నది ఎవరు అన్నీ రాశాం. చానల్ వాళ్లకు తెలుగులోనే ఉత్తరం పంపాం. పేర్లు వేయాలి, వచ్చే ఆదాయంలో వాటా మాట్లాడాలి అన్నది అందులోని సారం. ఇప్పుడు వీడియో కింద పేర్లున్నాయి. పైసల ముచ్చట ఇంకా తెగలేదు.

ఇది మా అడవి ఊళ్ల గోడు మాత్రమే కాదు. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలోని 'సారంగ దరియా' విషయంలో తెలుగునేలంతా ఇదే చర్చ నడిచింది. సుద్దాల అశోక్ తేజ రాయగా మంగ్లీ పాడిన ఆ పాట విడుదల కాగానే, అది తాను 'రేలా రే రేలా' టీవీ కార్యక్రమంలో పాడిన జానపదమని కోమలి ముందుకొచ్చారు. అదే పాట పాడిన శిరీష పేరూ బయటికి వచ్చింది. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల కల్పించుకుని పేరుకూ పారితోషికానికీ మాట ఇచ్చారని వార్తలు వచ్చాయి. చట్టం దృష్టిలో పల్లవి ప్రజలది, కవి కొత్తగా రాసిన చరణాలు కవివి. ఊరూరా తిరిగి పాట పట్టి తెచ్చినవాళ్లకు మన చట్టంలో చోటే లేదు. జానపదానికంటూ ప్రత్యేక రక్షణా లేదు. నా మట్టుకు నాకు ఇది అన్యాయమనిపిస్తుంది. చట్టం మారేదాకా ఆగనక్కర లేదు. "సేకరణ ఫలానా, పాడినది ఫలానా" అని పేరు వేయడానికి ఏ సవరణా అవసరం లేదు.

పెండ్లి పాటల దగ్గరికి వస్తే జనంలో అయోమయం ఎక్కువ. 2021 ఆగస్టులో మా పొరుగున మంచిర్యాల జిల్లాలో ఒక పెండ్లికూతురు బరాత్‌లో 'బుల్లెట్టు బండి' పాటకు ఆడిన వీడియో దేశమంతా తిరిగింది. లక్ష్మణ్ రాసి, మోహన భోగరాజు పాడిన ఆ పాటకు అప్పటినుంచి మా దిక్కు పెండ్లిళ్లలో తిరుగులేదు. బరాత్‌లో ఆ పాట వేయడానికి అనుమతి కావాలా? అక్కర లేదు. 52వ సెక్షన్‌లో మతపరమైన వేడుకలకు మినహాయింపు ఉంది. పెండ్లి ఊరేగింపు, పెండ్లికి సంబంధించిన ఇతర సంబరాలు అందులోకే వస్తాయని అక్కడే వివరణ ఉంది. 2023 జులై 24న కేంద్రం ఇదే విషయం మళ్లీ నోటీసుగా ఇచ్చింది. గోవా ప్రభుత్వం దీని మీద ఒక సర్క్యులర్ తెస్తే, అది చట్టం పరిధిని పెంచుతున్నదని బాంబే హైకోర్టు 2024 ఆగస్టులో కొట్టేసింది. మేమూ అదే హైకోర్టు కిందికి, నాగపూర్ బెంచికి వస్తాం కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి. చట్టంలోని మినహాయింపు మాత్రం చెక్కుచెదరలేదు.

అయితే ఆ మినహాయింపు పెండ్లి సంబరాల దగ్గరే ఆగిపోతుంది. టికెట్ పెట్టి చేసే డీజే రాత్రికి అది వర్తించదు. పెండ్లి వీడియో మీద సినిమా పాట అతికించి స్టూడియో చానల్‌లో పెట్టుకోవడానికీ వర్తించదు. అక్కడ పాట రాసినవాళ్ల హక్కు, బాణీ కట్టినవాళ్ల హక్కు, రికార్డింగ్ కంపెనీ హక్కు మూడూ ఉంటాయి. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే యూట్యూబ్ చానల్ మూతపడుతుంది. ఏండ్ల తరబడి పెట్టిన పని ఒక్కరోజులో పోతుంది. పెండ్లివారికి ఇచ్చే పెన్‌డ్రైవ్‌లో వాళ్లకు నచ్చిన పాటలతో ఇచ్చినా, బయట పెట్టేదానికి మాత్రం డప్పు, సన్నాయి మేమే రికార్డు చేయించుకుని వాడతాం. వాయించినవాళ్లకు డబ్బిచ్చి రాయించుకుంటాం. ఇక్కడి డప్పువాళ్లకూ అదొక ఆదరువు.

స్టేజి మీద పాడే ఆర్కెస్ట్రావాళ్లకు 2017 గుర్తుండే ఉంటుంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుంటే ఇళయరాజా తరఫున నోటీసు వెళ్లింది. అంతటి స్నేహితుల మధ్యే అనుమతి మాట వచ్చిందంటే మిగతావాళ్లం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

ఫ్లెక్స్ పని చేసేవాళ్లకు నిత్యం ఎదురయ్యేది దేవుడి బొమ్మ. రాజా రవివర్మ 1906లో పోయారు, ఆయన లక్ష్మీ సరస్వతులను ఎవరైనా వాడుకోవచ్చు. మా దగ్గర పెండ్లికార్డు మీద ఎక్కువమంది అడిగేది బాపు గీసిన సీతారాములను. బాపు 2014 ఆగస్టులో పోయారు. ఆ బొమ్మల మీద హక్కు 2074 చివరిదాకా ఉంటుంది. అనుమతి లేకుండా వెయ్యి కార్డులు కొట్టడం సరికాదు, అదీ వ్యాపారంగా. సిరొంచలోనూ అంకీసలోనూ బొమ్మ గీయగల పిల్లలున్నారు, వాళ్లతో కొత్తగా గీయించవచ్చు. హీరోల ముఖాల సంగతి కాపీరైట్‌తో పాటు ఇంకో హక్కు కిందికి కూడా వస్తుంది. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరు, ముఖం అనుమతి లేకుండా వ్యాపారానికి వాడొద్దని ఉత్తర్వులు తెచ్చుకున్నారు. పుట్టినరోజుకు అభిమానులు కట్టే ఫ్లెక్స్ వేరు, బట్టల దుకాణం తన అమ్మకానికి వేయించే ఫ్లెక్స్ వేరు. రెండోది వచ్చినప్పుడు నేను కొట్టనని చెప్పేస్తాను.

చిన్న వ్యాపారాలకు ఎక్కువ దెబ్బ తగిలేది లోగోల దగ్గర. మా దిక్కు మిర్చి బాగా పండుతుంది. ఒక బచత్ గట్ (పొదుపు సంఘం) ఆడవాళ్లు కారంపొడి ప్యాకెట్ మొదలుపెట్టి ఒక కుర్రవాడితో లేబుల్ గీయించారు. డబ్బిచ్చారు, రసీదు లేదు. ప్యాకెట్ నాలుగు ఊళ్లల్లో తెలిసింది. కుర్రవాడు పట్నం పోయాడు. కొత్త ప్రెస్సువాళ్లు అసలు ఫైలు అడిగితే ఆ కుర్రవాడు మళ్లీ పైసలు అడిగాడు. వాళ్లకు మోసమనిపించింది. చట్టం మాత్రం అతని వైపే ఉంది. డబ్బిచ్చి చేయించుకుంటే హక్కు వచ్చే మినహాయింపులో ఫొటో, చిత్రపటం, సినిమా లాంటివే ఉన్నాయి. జీతగాడు కాని డిజైనర్ గీసిన లోగో, రాతలో రాసివ్వనంత వరకు సాధారణంగా అతనిదే. బిల్లు మీద "ఈ లేబుల్ మీది అన్ని హక్కులూ, అన్ని కాలాలకూ, అన్ని ప్రాంతాలకూ ఫలానా గట్‌కు ఇచ్చాను, అసలు ఫైలు అప్పగించాను" అని రాసి సంతకం చేయించుకుని ఉంటే సరిపోయేది. కాలం, ప్రాంతం ఎందుకు రాయాలో పైన చెప్పిన 5 ఏండ్ల సంగతి తెలిస్తే అర్థమవుతుంది. గీసేవాళ్లు కూడా హక్కులన్నీ ఇచ్చేస్తున్నప్పుడు దానికి తగ్గ ధర అడగాలి. బొమ్మ గీసే ధర, బొమ్మను శాశ్వతంగా వదులుకునే ధర ఒకటి కావు.

రిజిస్టర్ చేయకపోతే హక్కు లేదనుకునేవాళ్లూ ఉన్నారు. పని పుట్టినప్పుడే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ సాక్ష్యానికి బలం, అంతే. సరుకుల మీద వాడని బొమ్మకు, రచనకు, బాణీకి రుసుము 500 రూపాయలు, సౌండ్ రికార్డింగ్‌కు 2,000, సినిమాకు 5,000. ఎవరైనా మన పనిని ఎత్తుకుని నెట్‌లో పెడితే ఆ వేదికకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 36 గంటల్లో దాన్ని ఆపాలి, 21 రోజుల్లోగా మనం కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి అని నిబంధనలున్నాయి. కోర్టు అనగానే ముంబై, హైదరాబాద్ గుర్తొచ్చి మావాళ్లు వెనక్కి తగ్గుతారు. ఈ చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు ఉండే చోటి జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు. చానల్ ఏ నగరంలో ఉన్నా వాళ్లే గడ్చిరోలికి రావాలి. మాకు గడ్చిరోలి కూడా 200 కిలోమీటర్ల పైనే, అయినా అది మా జిల్లా, మా భాష తెలిసిన వకీళ్లున్న చోటు.

జిల్లా న్యాయసేవా ప్రాధికార సంస్థను ఈ పత్రిక ద్వారా ఒకటి అడుగుతున్నాను. భూమి, పింఛను, గృహహింస మీద శిబిరాలు పెట్టినట్టే పాడేవాళ్లకు, గీసేవాళ్లకు, బచత్ గట్‌లకు కూడా ఒక శిబిరం సిరొంచలో, ఒకటి జింగానూరులో పెట్టాలి. ఒక పేజీ ఒప్పందం నమూనా తెలుగులో, మరాఠీలో అచ్చు వేసి పంచాలి. చదవలేనివాళ్లకు గోండీలో, మాడియాలో చదివి వినిపించే మనిషిని కూర్చోబెట్టాలి. వేలిముద్ర వేయించేటప్పుడు ఆ ఊరివాళ్లే ఇద్దరు సాక్షులుండాలి, వాళ్లలో ఒకరైనా చదువుకున్న ఆడపిల్ల అయి ఉండాలి. ఆ నమూనా వచ్చేదాకా నేను రాసుకున్న కాగితం మా దుకాణంలో ఉంది. ఒక వైపు తెలుగు, వెనక మరాఠీ. ఎవరు వచ్చి అడిగినా ఊరికే జిరాక్స్ తీసి ఇస్తాను.